కత్తిరి ఎండల్లో ధనుష్కోటి దాకా

తూర్పు తీరం వెంట బండి ప్రయాణం చేయాలనుకునేవాళ్ళు ఎక్కువగా డిసెంబరులోనో, జనవరిలోనో బయలుదేరతారు. వానలు వెలిసి నేల పచ్చగా ఉంటుంది. ఎండ ఒంటికి హాయిగా ఉంటుంది. తమిళనాడు తీరంలోని కోడిక్కరైలో వలస పక్షులు దిగి ఉంటాయి. వాళ్ళను నేను తప్పు పట్టను. కానీ ఆ తీరాన్నే కాక తీరం మనుషులను కూడా చూడాలంటే నడివేసవిలోనే వెళ్ళాలని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకం 2004 మే నెలలో, మా బావ పాత బుల్లెట్ వెనక సీటు మీద కూర్చున్నప్పుడు కుదిరింది.

మాది చెన్నైలో ఉత్తరపు కొస, తిరువొత్తియూరు. తెలుగువాళ్ళకు ఆ ఊరి పేరు చెప్పగానే త్యాగరాజస్వామి గుర్తుకు రావాలి. అక్కడి త్రిపురసుందరి అమ్మవారి మీద ఆయన తెలుగులో కట్టిన అయిదు కీర్తనలు ఉన్నాయి. బండి మనుషులకు మాత్రం ఆ ఊరు ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ. 1955లో అక్కడే ఈ దేశపు బుల్లెట్ల కథ మొదలైంది. మా అక్క భర్త అందులో ఫిట్టర్. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగల మనిషి. ఆయన సొంత బండి 1986లో తయారైంది. పోత ఇనుము ఇంజను, కుడి కాలి కింద గేర్లు, ఎడమ కాలి కింద బ్రేకు. కొత్తగా ఎక్కినవాడు ఆగాలనుకుని గేరు మార్చేస్తాడు. దాన్ని స్టార్ట్ చేయడానికి ఒక పద్ధతి ఉంది. హెడ్‌లైటు మీద కరెంటు కొలిచే ఆమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్కరును మెల్లగా నొక్కాలి, ఇంజనులో ఒత్తిడి వదిలేసే డీకంప్రెసర్ లీవరు పట్టుకుని మరి కొంచెం కిందికి దించాలి, లీవరు వదిలి అప్పుడు తన్నాలి. బలంతో పని లేదు. బావ ఆ పని చేస్తుంటే వీధిలో పిల్లలు ఆట ఆపి చూసేవాళ్ళు.

ప్రయాణానికి కారణం నాయనమ్మ. ఆ కార్తీకంలో మా అత్తతో కలిసి కాశీకి వెళ్ళాలని ఆవిడ కోరిక. కాశీకి వెళ్ళేవాళ్ళు ముందు రామేశ్వరం దగ్గర ధనుష్కోటిలో సేతువు ఇసుక తీసుకుని, దాన్ని గంగలో కలిపి, అక్కడి గంగ తెచ్చి రామలింగేశ్వరుడికి అభిషేకం చేయిస్తేనే యాత్ర పూర్తయినట్టు. రెండు వైపులా తిరిగే ఓపిక ఆవిడకు లేదు. "ఇసుక నేను తెస్తానత్తమ్మా" అన్నాడు బావ. అమ్మను పిలిచినట్టే నాయనమ్మను కూడా ఆయన అత్తమ్మా అనే పిలిచేవాడు. "రైలెక్కితే పొద్దున్నకల్లా రామేశ్వరం. ఈ ఎండల్లో బండెందుకు?" అంది అక్క. బావ సమాధానం చెప్పలేదు. నా వైపు తిరిగి, "పరీక్షలు అయిపోయాయి కదరా, వస్తావా?" అని అడిగాడు. డిగ్రీ ఆఖరి పరీక్షలు అప్పుడే ముగిశాయి. నేను వస్తానని చెప్పేలోపే లోపలికి వెళ్ళి చొక్కాలు సర్దుకోవడం మొదలుపెట్టాను.

లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వచ్చిన తరువాతి వారం అది. గోడల మీద డీఎంకే ఉదయ సూర్యుడు, అన్నాడీఎంకే రెండాకులు ఇంకా తడి ఆరనట్టే మెరుస్తున్నాయి. తమిళులు అగ్ని నక్షత్రమనీ, కత్తిరి అనీ పిలిచే మండుటెండల రోజులు. తెల్లవారుజామున బయలుదేరి, రాయపురం, హార్బరు, మెరీనా, శాంథోం మీదుగా అడయారు వంతెన దాటాం. తిరువాన్మియూరు దగ్గర ఈస్ట్ కోస్ట్ రోడ్డు ఎక్కేసరికి తూరుపు ఎర్రబడింది. అప్పటికి ఆ రోడ్డును బాగు చేసి ఎంతో కాలం కాలేదు. గీతలు తెల్లగా, తారు నల్లగా, మనుషులు పలచగా ఉండేవారు. బావ బండిని గంటకు యాభై, అరవై మధ్యనే ఉంచాడు. ఆ ఇంజను అక్కడే సుఖంగా ఉంటుందని ఆయన లెక్క. ఆ వేగంలో సరుగుడు తోటల వాసన తెలుస్తుంది, చేపలు ఎండబెట్టిన వాసన తెలుస్తుంది, తాటి తోపు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో తెలుస్తుంది.

దక్షిణానికి పోతున్నాం గనుక సముద్రం ఎప్పుడూ ఎడమ చేతి వైపే. పొద్దున ఎండ కూడా అటు నుంచే. పాండిచ్చేరి చేరేసరికి నా ఎడమ చెయ్యి ఒక రంగు, కుడి చెయ్యి ఒక రంగు. వేసవిలో ఆ తీరానికి గాలి చాలా ముఖ్యం. పొద్దున పడమటి నుంచి వేడి గాలి కొడుతుంది. మధ్యాహ్నానికి ఎప్పుడో సముద్రం మీది నుంచి పైరగాలి తిరుగుతుంది. అది తిరిగే దాకా ఊళ్ళన్నీ నీడ పట్టున ఉంటాయి. బండి మీద ఉన్నవాడికి గాలి తిరిగిన క్షణం కచ్చితంగా తెలుస్తుంది. ఎడమ భుజాన్ని ఎవరో నెట్టినట్టు ఉండి, చొక్కా చల్లబడుతుంది. "వచ్చిందిరా" అనేవాడు బావ, ఇంటికి చుట్టాలు వచ్చినంత సంతోషంగా.

మహాబలిపురానికి కాస్త ముందు సాళువన్‌కుప్పం దగ్గర ఆగాం. యాళి అనే సింహం లాంటి కల్పిత మృగం తలలు చెక్కిన పులి గుహ అక్కడే. సముద్రం వైపు ఇసుక దిబ్బల మీద ఒకామె తాటి ముంజెలు అమ్ముతోంది. కత్తితో కాయ చెక్కి, ముంజెను బొటనవేలితో ఎత్తి ఆకులో పెట్టేది. అవి ఎన్ని తిన్నామో నాకు గుర్తులేదు. ఆ చుట్టుపక్కల ఇసుక కిందే ఒక మురుగన్ గుడి ఉందని అప్పుడు ఎవరికీ తెలియదు. ఆ సంగతి తరువాత వస్తుంది.

మహాబలిపురంలో తీర దేవాలయం చూశాం. పల్లవ రాజసింహుడు కట్టించినది. పన్నెండు వందల ఏళ్ళకు పైగా ఉప్పు గాలి తిని శిల్పాల ముక్కులు, వేళ్ళు అరిగిపోయాయి. బావ శిల్పాల కన్నా రాయిని ఎక్కువ చూశాడు. ఇనుముతో పని చేసేవాడికి ఉప్పు గాలి ఏం చేస్తుందో మనకన్నా బాగా తెలుసు.

మరక్కాణం దగ్గర నేనే బండి ఆపమన్నాను. నాయనమ్మ చిన్నప్పటి కథల్లో ఎప్పుడూ ఒక కాలువ ఉండేది. వాళ్ళ నాన్న నెల్లూరు జిల్లా తీరం నుంచి సరుగుడు కట్టెలు పడవకెత్తి, బకింగ్‌హాం కాలువ మీద మద్రాసు బేసిన్ బ్రిడ్జి దాకా తెచ్చేవాడు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం. ఆవిడ పెళ్ళికూతురుగా చెన్నపట్నం వచ్చింది కూడా ఆ పడవలోనే. 1806లో మద్రాసు పక్కన మొదలైన చిన్న కాలువను ముక్కలు ముక్కలుగా పొడిగించుకుంటూ పోయారు. 1876-78 కరువులో పని దొరకని కూలీలు తవ్విన మట్టి అందులో చాలా ఉంది. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే కాలువకు నిలిచింది. ఉత్తరాన ఇప్పటి బాపట్ల జిల్లా పెదగంజాం దగ్గర మొదలైన ఆ కాలువ దక్షిణాన ముగిసేది ఈ మరక్కాణంలో. నాయనమ్మ నోట విన్న నీళ్ళ కొస ఇక్కడ ఉప్పు మడుల మధ్య పలచగా పరుచుకుని ఉంటే చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

మడుల్లో పని జోరు మీద ఉంది. ఉప్పు పండేది వేసవిలోనే. ఎండ ఎంత కాస్తే అంత పంట. ఆడవాళ్ళు బుట్టల్లో ఉప్పు మోసి గట్ల మీద కుప్పలు పోస్తున్నారు. కళ్ళు చెదిరే తెలుపు. వాన పడితే కుప్పలు కరిగిపోతాయని తాటాకులు సిద్ధంగా పెట్టుకున్నారు. చలికాలంలో వెళ్ళినవాడికి అక్కడ కనిపించేది మోకాటి లోతు బురదనీళ్ళు మాత్రమే.

పాండిచ్చేరిలో రాత్రి ఉండి, మర్నాడు కడలూరు, చిదంబరం మీదుగా సాగాం. రోడ్డు ఇరుకైంది, బస్సుల హారన్లు పెరిగాయి. కొళ్ళిడం నది దాటిన తరువాత శీర్కాళికి అవతల క్లచ్ తీగ తెగింది. బావ ముందే పాత తీగ పక్కనే కొత్త తీగను టేపు చుట్టి ఉంచాడు. చింత చెట్టు కింద బండి నిలిపి, రెండు కొసలూ మార్చి బిగించేలోపు నేను పక్క పొలంలో బోరు నీళ్ళతో తల తడుపుకుని వచ్చాను. దూర ప్రయాణం చేసే ప్రతి బుల్లెట్ మనిషికీ ఈ ఉపాయం తెలిసి ఉండాలని ఈ రోజుకీ చెబుతాను.

తరంగంబాడి నాకు ఇష్టమైన ఊరు. డేనిష్ వాళ్ళు 1620లో డాన్స్‌బోర్గ్ కోట కట్టుకున్న నేల అది. ఆ నేల ఇచ్చింది తంజావూరు రఘునాథ నాయకుడు, తెలుగులో కావ్యాలు రాసిన రాజు. ఆ ఊరికే వచ్చిన బెంజమిన్ షుల్జ్ అనే పాదరీ తరువాత మద్రాసు చేరి తెలుగు నేర్చి, వ్యాకరణం రాసి, 1746లో జర్మనీలోని హాలేలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. పసుపు రంగు కోట, ఎదురుగా ఖాళీ మైదానం, ఒడ్డున సముద్రం సగం మింగిన మాసిలామణినాథర్ గుడి. 14వ శతాబ్దపు ఆ గుడి ముందు భాగం అప్పటికే నీళ్ళ పాలైంది. మేము వెళ్ళేటప్పటికి పైరగాలి తిరిగింది. కోట గోడ నీడలో పడుకుని ఇద్దరం నిద్రపోయాం.

ఇక నాగపట్నం. అసలు ఈ జ్ఞాపకాలు రాయాలనిపించింది ఆ సాయంత్రం కోసమే.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి మర పడవలకు వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని. అప్పట్లో అది 45 రోజులు. అందువల్ల మే నెలలో నాగపట్నం రేవులో పడవలన్నీ ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. కొన్నిటిని ఒడ్డుకెక్కించి అడుగుభాగం గీకి రంగులు వేస్తున్నారు. ఇంజన్లు విప్పి గోనెల మీద పరిచారు. బావకు ఇంకేం కావాలి? మాట కలపకపోయినా, నూనె చేతులు నూనె చేతులను గుర్తుపడతాయి. ఎవరూ అడగకుండానే ఒక ఇంజను పక్కన చతికిలబడి ఇంధనపు గొట్టం ఊది చూస్తున్నాడు. నేను అక్కరైపేట వైపు ఒక తాటాకు పాక కింద వల బాగు చేస్తున్న పెద్దాయన దగ్గర కూర్చున్నాను. బావ నన్ను పిలిచిన పిలుపు విని ఆయన తల ఎత్తాడు.

"తెలుగువాళ్ళా బాబూ?"

ఆయన వయసులో ఉండగా నిజాంపట్నంలో, బందరులో పడవల మీద పని చేశాడట. తమిళపు యాసలో, బందరు మాటలు కలిసిన తెలుగు. ఎన్నో ఏళ్ళుగా వాడని భాషను ఒక్కొక్క మాటగా బయటికి తీసి చూసుకుంటున్నట్టు మాట్లాడాడు. పప్పు, గోంగూర, బందరు లడ్డు, కృష్ణా పుష్కరాలు. మధ్యలో మాట దొరక్కపోతే చేతిలోని వెదురు సూది ఆపి నా ముఖం వైపు చూసేవాడు. నేను అందిస్తే తల ఊపి మళ్ళీ అల్లేవాడు. నాకు ముడి వేయడం నేర్పాడు. కన్ను కొలత కోసం ఒక చెక్క ముక్క ఉంటుంది, దాని మీదుగా దారం తిప్పి బిగించాలి. కన్ను చిన్నదైతే పిల్ల చేప కూడా పడుతుందనీ, పిల్లను పట్టినవాడికి మరుసటి ఏడు తల్లి దొరకదనీ చెప్పాడు. నిషేధం ఎత్తేసిన మొదటి రాత్రి రేవు ఎలా ఉంటుందో వర్ణించాడు. వందల దీపాలు ఒకేసారి మొగ దాటి పోతాయట. "అప్పుడు రండి, చేప తిందురుగాని" అన్నాడు. ఆ రాత్రి మాత్రం కట్టుమరం తెప్ప మీద ఎవరో తెచ్చిన చిన్న చేపలు పులుసు పెట్టించి అన్నం పెట్టాడు. ఇంటి ఆడవాళ్ళు మేము తినేదాకా దీపం పట్టుకుని నిలబడ్డారు.

ఇదే చలికాలమైతే ఆ మనిషి సముద్రం మీద ఉండేవాడు, లేదా రాత్రి వేటకు పగలు నిద్రపోయేవాడు. పాకలో కూర్చుని బందరు ముచ్చట్లు చెప్పే తీరిక ఆయనకు వేసవి ఇచ్చింది.

మర్నాడు వేదారణ్యం. 1930లో రాజాజీ తిరుచ్చి నుంచి నడిచివచ్చి ఉప్పు తీసిన ఊరు. ఏప్రిల్ 13న బయలుదేరి నెలాఖరుకు ఉప్పు పట్టారు. ఆ ఎండల్లో కాలినడకన వచ్చిన మనుషుల్ని తలచుకుంటే, బండి మీద కూర్చుని వేడి గురించి మాట్లాడబుద్ధి కాలేదు. కోడిక్కరైలో పక్షులు లేవు గానీ, ఎండిన గడ్డి మైదానంలో కృష్ణజింకల గుంపు మా బండి చప్పుడుకు తల తిప్పి చూసింది. తీరం అక్కడ పడమటికి మలుపు తిరుగుతుంది. అంతవరకు ఎడమ చెంప మీద ఉన్న పొద్దుటి సూర్యుడు వీపు మీదకి వస్తాడు. అక్కడి నుంచి పాక్ అఖాతం. అలలు ఉండవు. ముత్తుపేట, అదిరాంపట్టినం, నెపోలియన్ ఓటమికి గుర్తుగా శరభోజి కట్టించిన మనోరా బురుజు, తొండి, దేవీపట్టినం, ఇవన్నీ దుమ్మూ ఎండా కలిసిన ఒకే పొడవాటి మధ్యాహ్నంగా మిగిలాయి నాలో.

రామేశ్వరం దీవికి వేసిన పాంబన్ వంతెన మీద బండి ఆపాం. 1988లో తెరిచిన రోడ్డు వంతెన అది. పక్కన కింద 1914 నాటి రైలు వంతెన. అదృష్టం కొద్దీ మీటర్ గేజ్ బండి వస్తోంది. గాలికి భయపడి మనిషి నడకతో పోటీ పడినంత నెమ్మదిగా కదిలింది. బావ రైలు కన్నా, ఓడలకు దారి ఇవ్వడానికి రెండుగా తెరుచుకునే ఆ ఇనుప రెక్కలనే చూస్తూ ఉండిపోయాడు.

అప్పట్లో ధనుష్కోటికి రోడ్డు లేదు. తారు అయిపోయిన చోట బుల్లెట్ నిలిపి, ఇసుకలో నడిచే వ్యానులో జాలరివాళ్ళతో, ఖాళీ చేపల బుట్టలతో కలిసి వెళ్ళాం. ఒక పక్క నిశ్చలమైన ఆడ సముద్రం, ఇంకో పక్క ఉరకలేసే మగ సముద్రం. అక్కడివాళ్ళు అలాగే పిలుస్తారు. 1964 డిసెంబరు 22 రాత్రి తుపాను ఈ పట్టణాన్ని రైలుతో సహా తీసుకుపోయింది. చర్చి గోడలు, స్టేషను మొండి, పట్టాల ముక్కలు మిగిలాయి. ఆ శిథిలాల మధ్య పాకలు వేసుకుని బతుకుతున్న కుటుంబాల ఆడవాళ్ళు ఇసుకలో చేతులతో చెలమ తోడి బిందెలు నింపుతున్నారు. రెండు ఉప్పు సముద్రాల మధ్య తియ్యటి నీరు. ఒక పాప మాకు దోసిట్లో పోసింది. బావ అక్కడే నాయనమ్మ ఇచ్చిన ఇత్తడి డబ్బా తీసి, చెప్పులు విడిచి, ఇసుక నింపాడు.

వచ్చేటప్పుడు మదురై, తిరుచ్చి మీదుగా హైవే పట్టుకుని తిన్నగా వచ్చేశాం. ఆ దారి గురించి చెప్పడానికేమీ లేదు. నాయనమ్మ కార్తీకంలో కాశీ వెళ్ళి, ఇసుక గంగలో కలిపి, నవంబరు చివర్లో ఇంటికి వచ్చింది.

డిసెంబరు 26 ఆదివారం, సునామీ వచ్చిన రోజు. మా తిరువొత్తియూరు వైపు కూడా సముద్రం ఊళ్ళోకి వచ్చింది. సాయంత్రానికి టీవీలో నాగపట్నం పేరు మొదలైంది. ఆ ఒక్క జిల్లాలోనే 6,000 మందికి పైగా పోయారని తరువాత తేలింది. బావ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. జనవరిలో మా వీధివాళ్ళు బియ్యం, దుప్పట్లు పోగు చేసి లారీ పంపితే ఇద్దరం దానిలో వెళ్ళాం. రేవులో పడవలు రోడ్డు మీద, వంతెన పక్కన, ఇళ్ళ మీద పడి ఉన్నాయి. అక్కరైపేటలో ఆ పాక ఉన్న చోటు గుర్తుపట్టడానికి కూడా ఏ గుర్తూ లేదు. శిబిరాల్లో తిరిగి, తెలుగు మాట్లాడే పెద్దాయన, నిజాంపట్నంలో పని చేసినాయన అని అడిగాం. ఆంధ్ర రేవుల్లో పని చేసినవాళ్ళు ఆ ఊళ్ళో చాలామంది. ఒకాయన కాకినాడ వెళ్ళిపోయిన ఒక కుటుంబం గురించి చెప్పాడు, ఇంకొకామె తల అడ్డంగా ఊపింది. మాకు తెలిసింది అంతే. ఆయన నేర్పిన ముడి నా వేళ్ళకు ఇంకా వచ్చు.

ఆ అలే సాళువన్‌కుప్పంలో ఇసుకను కోసి, పల్లవుల కాలపు రాతి శాసనాలను బయటపెట్టింది. 2005లో పురావస్తు శాఖ తవ్వితే మురుగన్ గుడి, దాని కింద అంతకన్నా పాతదైన ఇటుకల కట్టడం బయటపడ్డాయి. ఇప్పుడు దాని చుట్టూ కంచె ఉంది. ముంజెలావిడ కూర్చున్న దిబ్బ ఏదో చెప్పడం కష్టం. ధనుష్కోటికి 2017 నుంచి అరిచల్‌మునై దాకా తారు రోడ్డు ఉంది. వ్యాను అవసరం లేదు. రామేశ్వరం నుంచి ఏ బండి అయినా నేరుగా నేల కొస దాకా వెళుతుంది.

బావ రిటైరయ్యాడు. ఆయన బుల్లెట్ ఇంకా నడుస్తోంది. మా మేనకోడలు ఇప్పుడు ఆమ్మీటరు ముల్లు చూసి కిక్కరు కొట్టడం నేర్చుకుంటోంది. చలికాలంలో తీరం వెంట వెళదామని తనకు ఉంది. బావ ఒప్పుకోవడం లేదు, నేనూ ఒప్పుకోవడం లేదు. 2017 నుంచి వేట నిషేధం 61 రోజులు, జూన్ 14 దాకా. మే రెండో వారంలో బయలుదేరితే దారి పొడవునా మనుషులు ఒడ్డునే ఉంటారు, మరక్కాణంలో ఉప్పు కుప్పలు ఉంటాయి, ముంజెలు లేతగా ఉంటాయి. మంచినీళ్ళ సీసాలు ఎక్కువ తీసుకుని, తెల్లవారుజామున నాలుగింటికే బయలుదేరితే చాలు. క్లచ్ తీగ మాత్రం రెండోది ముందే కట్టి ఉంచాలి.